గల్ఫ్ ఉద్యోగానికి పోయేముందు: పాస్‌పోర్టు నుంచి బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) దాకా ఏం చేయాలి, ఏ కాగితంలో ఏం చూడాలి

గల్ఫ్ పోయి చిక్కుల్లో పడ్డవాళ్ల కాగితాలు తిరగేస్తే చాలాసార్లు కనిపించేది దొంగ వీసా కాదు. వీసా అసలుదే ఉంటుంది, అందులో రాసిన పని వేరే ఉంటుంది. ఏజెంటు నోటితో చెప్పింది ఎలక్ట్రీషియన్, అగ్రిమెంటులో ఉన్నది హెల్పర్, వీసాలో ఉన్నది ఇంటిపని. ఈ మూడూ ఒకటేనని తేలేదాకా పైసా చేతులు మారకూడదు. కింద చెప్పిన క్రమమంతా దానికోసమే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి దుబాయ్, సౌదీ పోయేవాళ్లకైనా, కడప, కోనసీమ నుంచి కువైట్ పోయేవాళ్లకైనా వరస ఇదే.

ముందు పాస్‌పోర్టు తిరగేయండి

పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఉద్యోగానికి విదేశం పోయేముందు ప్రభుత్వ తనిఖీ కావాలనే ముద్ర) అని ఉందా లేదా చూడండి. పదో తరగతి పాస్ కానివాళ్లకు, పాసైనా సర్టిఫికెట్ పెట్టనివాళ్లకు ఆ ముద్ర పడుతుంది. ఈసీఆర్ ఉన్నవాళ్లు ఉద్యోగానికి 18 దేశాలకు వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్, కువైట్, బహ్రెయిన్ ఆరూ అందులో ఉన్నాయి. మలేషియా, థాయిలాండ్, ఇరాక్, జోర్డాన్ కూడా ఉన్నాయి.

పదో తరగతి మెమో ఇంట్లో ఉండి కూడా ఈసీఆర్ పాస్‌పోర్టుతో తిరిగేవాళ్లు మన దగ్గర ఎందరో. పాస్‌పోర్టు సేవలో రీఇష్యూకు పెట్టి మెమో జతచేస్తే ఆ ముద్ర పోతుంది. 36 పేజీల పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు. తత్కాల్ అయితే ఇంకో 2,000. అయితే ఒకమాట. ఈసీఆర్ ఉండటం మీకు నష్టమేమీ కాదు. అది ఉన్నప్పుడే కంపెనీ, ఏజెన్సీ రెండూ ప్రభుత్వ రికార్డులోకి ఎక్కాలి, కనీస జీతం చూపాలి, బీమా కట్టాలి. ముద్ర లేనివాళ్లకు ఆ కాపలా ఉండదు కాబట్టి తమ కాగితాలు తామే చూసుకోవాలి. నర్సులకు మాత్రం పాస్‌పోర్టు ఏ రకమైనా ఈ దేశాలకు క్లియరెన్స్ తప్పదు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లు ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. వయసు దిద్దిన పాస్‌పోర్టుతో పంపిస్తామనేవాళ్ల జోలికి పోవద్దు. పట్టుబడితే కేసు మీ మీదే.

పేరు విషయంలో ఇప్పుడే జాగ్రత్తపడండి. ఆధార్‌లో, మెమోలో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందువెనకలు ఉంటే మెడికల్ స్లిప్ ఒక పేరుతో, వీసా ఇంకో పేరుతో వచ్చి ఆగిపోతుంది. అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్న పేరునే, అందులో ఉన్న వరసలోనే రాయండి. గడువు కనీసం రెండేళ్లయినా మిగిలి ఉంటే మంచిది. లేకపోతే వెళ్లిన కొన్నాళ్లకే అక్కడ రెన్యూవల్‌కు తిరగాలి.

పని ఎక్కడ వెతకాలి

విదేశాలకు మనుషులను పంపే ఏజెన్సీకి ఎమిగ్రేషన్ చట్టం, 1983 కింద లైసెన్సు ఉండాలి. కేంద్ర ప్రభుత్వపు ఈమైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సు ఉన్న ఏజెన్సీల జాబితా ఉంటుంది. పేరు, లైసెన్సు నంబరు, ఆఫీసు చిరునామా, ఇప్పుడు చెల్లుబాటులో ఉందా లేదా అక్కడ కనిపిస్తాయి. పేపర్ ప్రకటనలోనో వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్‌లోనో లైసెన్సు నంబరు లేకపోతే ఆ ఇంటర్వ్యూకు పోవద్దు. నంబరు ఉన్నా అది ప్రకటన ఇచ్చినవాళ్లదేనా అని పోర్టల్‌లో సరిచూడండి, వేరేవాళ్ల లైసెన్సు నంబరు వేసుకుని ఇంటర్వ్యూలు పెట్టేవాళ్లు ఉన్నారు. ప్రభుత్వపరంగా తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే విదేశీ ఉద్యోగాల సంస్థలు ఉన్నాయి. రెంటిలోనూ పేరు నమోదు చేసుకుని పెట్టండి. పిలుపు ఆలస్యంగా రావచ్చు గానీ వచ్చినప్పుడు కాగితం సరిగ్గా ఉంటుంది.

ఊళ్లో ఉండే సబ్ ఏజెంటు అసలు కష్టం. అతను మనవాడే, మన పెళ్లిళ్లకు వచ్చేవాడే, అందుకే ఎవరూ రసీదు అడగరు. చట్టం దృష్టిలో సబ్ ఏజెంటు అనేవాడు లేడు. లైసెన్సు లేకుండా మనుషులను పంపితే రెండేళ్ల దాకా జైలు ఉంది. అతను మిమ్మల్ని ఏ ఏజెన్సీకి తీసుకెళ్తున్నాడో పేరు అడగండి. పేరు చెప్పకుండా ముంబై వెళ్లాక చూద్దాం అంటే అక్కడే ఆపేయండి.

ఏజెన్సీకి వెళ్లినప్పుడు డిమాండ్ లెటర్ చూపించమనండి. అది కంపెనీ వాళ్లు ఎందరు మనుషులు, ఏ పనికి, ఎంత జీతానికి కావాలో రాసిచ్చే కాగితం. దాని వెంట ఏజెన్సీ పేరున పవర్ ఆఫ్ అటార్నీ ఉంటుంది. రెండూ చూపించలేని ఏజెన్సీ వేరేవాళ్ల దగ్గర వీసాలు కొని అమ్ముతోందని అనుకోవచ్చు.

ట్రేడ్ టెస్టుకు (పనితనం చూసే పరీక్షకు) బయోడేటా ఒక్క పేజీ చాలు. చేసిన పని పేరు కాకుండా చేతనైన పని రాయండి. ఎలక్ట్రీషియన్ అని వదిలేయకుండా డీబీ డ్రెస్సింగ్, కండ్యూట్ వేయడం, త్రీ ఫేజ్ మోటార్ స్టార్టర్ కనెక్షన్ అని రాస్తే ఇంటర్వ్యూ చేసే ఇంజనీరు అక్కడినుంచే అడుగుతాడు. వెల్డర్ అయితే ఏ పొజిషన్‌లో చేస్తారో, ఆర్క్‌లోనా ఆర్గాన్‌లోనా రాయండి. షట్టరింగ్ కార్పెంటరుకు, ఫర్నిచర్ కార్పెంటరుకు జీతమూ పనీ వేరు, ఏదో స్పష్టంగా ఉండాలి. సౌదీకి ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ టెక్నీషియన్ లాంటి పనులకు వీసాకు ముందే స్కిల్ వెరిఫికేషన్ పరీక్ష పెడుతున్నారు. అందులో థియరీ, ప్రాక్టికల్ రెండూ ఉంటాయి. డ్రైవర్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి, అక్కడ బండి ఎక్కాలంటే అక్కడి లైసెన్సు కావాలి. దానికయ్యే ఫీజు ఎవరు పెడతారో, ఫెయిలైతే ఏ పనిలో పెడతారో ముందే రాయించుకోండి.

డబ్బు లెక్క

లైసెన్సు ఉన్న ఏజెన్సీ మీ దగ్గర తీసుకోగల సర్వీస్ చార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ. అంటే 35,400. అది కూడా బ్యాంకు ద్వారా, రసీదుతో. యూఏఈ చట్టం ప్రకారం రిక్రూట్‌మెంటు ఖర్చు, వీసా ఖర్చు కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు. సౌదీలో అకామా (నివాస అనుమతి కార్డు), వర్క్ పర్మిట్ ఫీజులు యజమానివే. వీసాకే లక్ష అడుగుతున్నారంటే ఎవరో దాన్ని అమ్ముతున్నారు.

లక్షన్నర అప్పు తెచ్చి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీతో పోయారనుకోండి. జీతం 1,000 రియాళ్లు. రియాల్ 22 రూపాయలుగా లెక్క వేస్తే 22,000. తిండి కంపెనీది కాకపోతే దానికి 300, ఫోనుకూ పైఖర్చులకూ 100 రియాళ్లు. మిగిలేది 13,200 రూపాయలు. మొదటి నెల అందులోంచి 3,000 వడ్డీకే పోతుంది. ఇంటికి ఒక్క రూపాయి పంపకుండా మొత్తం అప్పుకే కడితే తీరడానికి పదమూడు నెలలు. ఇంటికి నెలకు ఐదు వేలు పంపితే రెండేళ్ల అగ్రిమెంటు అయ్యేదాకా దాదాపు అప్పుతోనే. సంతకానికి ముందు ఈ లెక్క మీ జీతంతో, మీ అప్పుతో ఒకసారి కాగితం మీద వేసి ఇంట్లోవాళ్లకు చూపించండి. 35,400 దగ్గర నిలబడితే లెక్క పూర్తిగా మారిపోతుంది.

అగ్రిమెంటు చదవడం

నెలకు 1,500 దిర్హాములు వస్తుంది అని ఏజెంటు అంటే అందులో బేసిక్ ఎంత అని అడగండి. బేసిక్ 800, తిండికి 300, మిగతాది ఓవర్‌టైమ్ అంచనా అయితే మీ జీతం 800 అన్నట్టే. ఓవర్‌టైమ్ ఉంటుందని ఏ కంపెనీ రాసివ్వదు. గ్రాట్యుటీ (పని వదిలి వచ్చేటప్పుడు ఇచ్చే డబ్బు) కూడా బేసిక్ మీదే కడతారు. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. రెండేళ్లు చేసి వచ్చేటప్పుడు బేసిక్ 800 అయితే 1,120 దిర్హాములు, 1,200 అయితే 1,680.

డ్యూటీ రోజుకు 8 గంటలు, వారానికి 48 అని ఉండాలి. ఓవర్‌టైమ్ గంటకు యూఏఈలో మామూలు రేటుకు 25 శాతం, సౌదీలో 50 శాతం కలిపి ఇవ్వాలి. రూము, క్యాంపు నుంచి సైటుకు బండి, మెడికల్ ఇన్సూరెన్సు, రెండేళ్లకు సెలవు టికెట్టు ఎవరివో ఒక్కొక్కటి విడిగా రాసి ఉండాలి. తిండికి డబ్బు ఇస్తారా వండిపెడతారా అన్నది చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ నెలకు రెండు మూడు వందల రియాళ్ల తేడా. ఖతార్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు. రూము ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనంగా ఇవ్వాలి. అక్కడికి 900కు పిలిస్తే అది చట్టవిరుద్ధమైన ఆఫర్.

యూఏఈకి ఆఫర్ లెటర్ అక్కడి కార్మిక శాఖ ఫార్మాట్‌లో, నంబరుతో వస్తుంది. కంపెనీ లెటర్‌హెడ్ మీద టైపు చేసిందానికి అంత విలువ లేదు. ఆ నంబరుతో కార్మిక శాఖ యాప్‌లో చూసుకోవచ్చు. ఇక్కడ ఒక ఆఫర్ మీద, దిగాక తక్కువ జీతం ఉన్న ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకోవడం పాత ఎత్తుగడ. మొదటిదాని ఫోటో మీ దగ్గరుంటేనే కొట్లాడగలరు. సంతకం పెట్టిన ప్రతి పేజీ ఫోటో తీసి ఇంటికి వాట్సాప్ చేయండి.

మెడికల్, వేలిముద్రలు

సౌదీ, కువైట్ లాంటి దేశాలకు వాఫిద్ పోర్టల్‌లో మెడికల్ స్లిప్ తీసుకుని అది చూపిన సెంటర్‌కే పోవాలి. పాతవాళ్లు దీన్నే గమ్కా మెడికల్ అంటారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, ఛాతీ ఎక్స్‌రే ముఖ్యం. చాలామంది ఆగిపోయేది ఎక్స్‌రే దగ్గర. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినా ఊపిరితిత్తి మీద మచ్చ ఉంటే అన్‌ఫిట్ రాసేస్తారు. అందుకే ఏజెన్సీకి రూపాయి కట్టకముందే మీ ఊరి దగ్గర డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఒక ఎక్స్‌రే, ఆ రక్తపరీక్షలు సొంతంగా చేయించుకోండి. కొన్ని వందలతో పోతుంది. వాఫిద్ మెడికల్ ఫలితం పాస్‌పోర్టు నంబరుతో పోర్టల్‌లో మీరే చూసుకోవచ్చు. అన్‌ఫిట్‌ను ఫిట్ చేయిస్తానని డబ్బు అడిగేవాడిని నమ్మొద్దు, దిగాక అక్కడ మళ్లీ పరీక్ష ఉంటుంది, అక్కడ తేలితే వెనక్కి పంపేస్తారు.

ఖతార్‌ది వేరే దారి. హైదరాబాద్‌లోని ఖతార్ వీసా సెంటర్‌లోనే మెడికల్, వేలిముద్రలు, అగ్రిమెంటు సంతకం అన్నీ అవుతాయి, ఖర్చు కంపెనీది. అగ్రిమెంటు తెర మీద చూపించినప్పుడు తొందరపడి సంతకం పెట్టకండి. అర్థమయ్యే భాషలో చెప్పమని అడిగే హక్కు ఉంది. జీతం తేడాగా ఉంటే ఒప్పుకోనని అక్కడే చెప్పవచ్చు.

సిమెంటు పని చేసే మేస్త్రీలకు, బండలు మోసేవాళ్లకు వేలిగీతలు అరిగిపోయి మెషీన్ పట్టదు. వారం ముందు నుంచి సిమెంటు ముట్టకుండా, రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకుని పోతే చాలావరకు పని అవుతుంది.

పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ అడిగితే పాస్‌పోర్టు సేవలోనే, 500 రూపాయలు. డిగ్రీ, డిప్లొమా చూపించాల్సిన ఉద్యోగమైతే అటెస్టేషన్ (సర్టిఫికెట్లు అసలైనవేనని ముద్ర వేయించడం) పని నెలముందే మొదలుపెట్టండి.

వీసా కాగితం చేతికి వచ్చాక

ఇక్కడ ఆగి తీరిగ్గా చూడండి. మొదట పేరు, పాస్‌పోర్టు నంబరు. ఒక అంకె తప్పినా విమానం ఎక్కనివ్వరు. తర్వాత స్పాన్సర్, అంటే మీకు వీసా ఇచ్చే కంపెనీ లేదా మనిషి పేరు. అది అగ్రిమెంటులో ఉన్న కంపెనీయేనా, లేక ఎవరో ఒక వ్యక్తి పేరా? వ్యక్తి పేరు ఉంటే అది ఇంటివీసా కావచ్చు.

ఆ తర్వాత పని. సౌదీ వీసాలో అరబ్బీలో ఉంటుంది, ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చూడొచ్చు, లేదా అక్కడ పనిచేసి వచ్చినవాళ్లతో చదివించండి. ఆమిల్ మన్‌జిలీ అంటే ఇంటిపనివాడు, సాయిఖ్ ఖాస్ అంటే ఇంటి డ్రైవరు, రాయీ గనమ్ అంటే గొర్రెల కాపరి. కంపెనీలో పని అని చెప్పి ఈ వీసాలు చేతిలో పెడితే మామూలు కార్మిక చట్టం మీకు వర్తించదు, ఎడారిలో మజ్రాలో (పశువుల, పంటల ఫారంలో) తేలే ప్రమాదమూ ఉంది. కువైట్‌లో కంపెనీలకిచ్చేది ఆర్టికల్ 18, మనవాళ్లు షూన్ వీసా అనేది. ఇంటిపనిది ఆర్టికల్ 20, అదే ఖాదిమ్ వీసా. ఖాదిమ్ మీద పోయి బయట హోటల్లో, షాపులో పనిచేస్తే పోలీసు తనిఖీలో దొరికిన రోజే సామాను సర్దుకోవాలి.

ఆజాద్ వీసా, ఫ్రీ వీసా అనేవి ఏ దేశపు చట్టంలోనూ లేవు. ఎవరో కఫీల్ (అంటే స్పాన్సర్) తన పేరు మీద వీసా తీసి అమ్మి, బయట ఎక్కడైనా చేసుకో, నాకు ఏటా ఇంత ఇవ్వు అంటాడు. డబ్బు ఆగిన రోజు పారిపోయాడని రిపోర్టు పెడతాడు. సౌదీలో దాన్ని హురూబ్ అంటారు. అది పడితే జీతం, సెలవు, ఊరికి రావడం అన్నీ చిక్కే. మనవాళ్ల మాటలో ఖల్లివల్లి బతుకు అంటే ఇదే.

విజిట్ వీసా మీద పోయి దిగాక మార్చుకుంటాం అనేది ఇంకోటి. విజిట్ మీద పనిచేయడం యూఏఈలో నేరం. పనిలో పెట్టుకున్న కంపెనీకి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా ఉంది కాబట్టి మర్యాదగల కంపెనీ ఏదీ పెట్టుకోదు. పెట్టుకునేవాడు జీతం ఎగ్గొట్టినా మీరు ఫిర్యాదు చేయలేరని తెలిసే పెట్టుకుంటాడు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో విజిట్ మీద పంపడానికి ఎయిర్‌పోర్టులో పుషింగ్ (లోపలివాళ్లతో మాట్లాడి దాటించడం) ఉందని డబ్బు తీసుకుంటారు. ఇమిగ్రేషన్‌లో ఆపేస్తే టికెట్టూ పోతుంది, డబ్బూ పోతుంది. థాయిలాండ్‌లో డేటా ఎంట్రీ, కంబోడియాలో కంప్యూటర్ పని అంటూ పిలిచేవి దీనికన్నా ప్రమాదం, వాటిలో చాలావరకు సైబర్ మోసాల క్యాంపులకు చేరుస్తాయి.

క్లియరెన్స్, బీమా, ప్రయాణం

ఈసీఆర్ ఉన్నవాళ్లకు ఏజెన్సీ ఈమైగ్రేట్‌లో దరఖాస్తు పెడుతుంది. ప్రభుత్వ రుసుము 200 రూపాయలు మాత్రమే. అందులో ఎక్కించిన జీతం, పని మీ అగ్రిమెంటుతో సరిపోవాలి, ఆ ప్రింటు అడిగి తీసుకోండి. దీంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం. ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. పాలసీ కాగితం మీ సంచీలో కాదు, నామినీ చేతిలో ఉండాలి. పాలసీ ఉందనే తెలియక క్లెయిమ్ చేయని కుటుంబాలు ఉన్నాయి. వెళ్లేముందు ప్రభుత్వం ఇచ్చే ఒకరోజు ఉచిత శిక్షణ పీడీవోటీ ఉంటుంది, పోండి, దండగేమీ కాదు.

వెళ్లేముందు ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశీ సంపాదన ఇండియాకు పంపుకునేది) తెరవండి, అప్పు నోటు జిరాక్స్ ఇంట్లో పెట్టండి.

సామానులో గసగసాలు పెట్టకండి. మన వంటింటి సరుకే అయినా యూఏఈ, సౌదీ, ఖతార్‌లలో అది మత్తుపదార్థం కింద లెక్క, ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. అమ్మ కట్టిచ్చిన మసాలా పొడిలో కూడా అవి కలిశాయేమో అడగండి. ట్రమడాల్, కోడీన్ ఉన్న మాత్రలు, దగ్గుమందులు వద్దు. బీపీ, షుగర్ మాత్రలైతే డాక్టరు చీటీతో సహా. పక్కింటివాళ్లు తమ వాడికి ఇమ్మని ఇచ్చే డబ్బాను మీ ముందు విప్పి చూపిస్తేనే తీసుకోండి. మొహమాటానికి పోయి జైలుపాలైనవాళ్లు ఉన్నారు.

దిగిన మొదటి మూడు నెలలు

యూఏఈలో మెడికల్, వేలిముద్రల తర్వాత ఎమిరేట్స్ ఐడీ వస్తుంది, మనవాళ్లు బతాకా అంటారు. సౌదీలో 90 రోజుల్లోపు అకామా చేతికి రావాలి. అకామా వచ్చిందా, గడువు ఎంతుందో అబ్షేర్ యాప్‌లో, అగ్రిమెంటు కివా యాప్‌లో మీరే చూసుకోండి, క్యాంపు బాస్ మాట మీద ఉండొద్దు. పాస్‌పోర్టు తీసుకుని దాచడం ఈ దేశాల్లో చట్టవిరుద్ధమే. అయినా అడుగుతారు. ఇవ్వక తప్పకపోతే ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. ఓవర్‌టైమ్ గంటలు ఏ రోజుకారోజు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. జీతం బ్యాంకులోనే పడాలి. చేతికిచ్చి ఎక్కువకు సంతకం పెట్టించుకుంటే ఫోటో తీసి పెట్టుకోండి.

జీతం ఆగితే రెండో నెల దాకా చూడకండి. యూఏఈలో 80084, సౌదీలో 19911 కార్మిక ఫిర్యాదుల నంబర్లు. మన ప్రభుత్వానిది దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 800 46342, ఇండియాలో ఇంటివాళ్లు ఉచితంగా చేయడానికి 1800 11 3090. రాతపూర్వకంగా మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల మదద్ పోర్టల్‌లో పెట్టండి. మోసం చేసింది ఇక్కడి ఏజెంటైతే ఈమైగ్రేట్‌లోనూ పోలీసుస్టేషన్‌లోనూ రెండుచోట్లా ఫిర్యాదు ఇవ్వాలి. పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు, డబ్బు కట్టిన రసీదు, ఏజెంటు వాయిస్ మెసేజీలు జతచేయండి. క్యాంపు నుంచి చెప్పకుండా వెళ్లిపోవడం మాత్రం ఆఖరుకు కూడా చేయొద్దు. ఫిర్యాదు నంబరు చేతికి రాకముందే బయటికొస్తే కంపెనీ పెట్టే పరారీ రిపోర్టే ముందు నమోదవుతుంది, ఆపైన మీ జీతం కేసు దాని వెనకాల నిలబడాలి.